సానరాయి మీద నల్లచార

"రెండు కొట్టంగ ఈ ముసల్దాన్ని మున్సిఫ్ కచేరీల నిలబెడ్త. ఇప్పుడు పదకొండున్నర. ఈ నడుమ మీరేం వెతుక్కుంటరో వెతుక్కోండ్రి, ఖుఫియా సాబ్," అని పోలీసు అమీను రఘుపతిరావు జేబు గడియారం మూత టప్పున మూశాడు.

వకీలు రామచంద్రయ్య ఇంటి అరుగు చివర, స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది జానమ్మ. అరవై దాటిన మంత్రసాని. మణికట్లకు తాడు. పక్కనే ఆమె మూట విప్పి పడేసి ఉంది. అందులో ఒక పాత చీర, ఆముదం సీసా, మిషను దవాఖానలో ఇచ్చిన సబ్బుముక్క.

ఖుఫియా శాఖ రహస్య పోలీసు మైసయ్య పొద్దుటి రైలుకు హైదరాబాదు నుంచి దిగాడు. వకీలు ఇంట్లో పోయిన పాత బంగారు కాసును కొనవలసిన జాగీర్దారు పెద్దమనిషి, పైవాళ్ళకు చెప్పి ఒకణ్ణి పంపమన్నాడు. కాగితం మీద ముద్దాయి పేరు చూడగానే, "నేను పోత" అని మైసయ్య లేచాడు. ఎందుకు లేచాడో ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. గత్తర, అంటే కలరా, వచ్చి ఊళ్ళో ఇల్లిల్లూ ఖాళీ అయిన ఏడాది, తల్లి శవం పక్కన పడి ఉన్న ఆరేళ్ళ మైసయ్యను భుజాన వేసుకుని నాలుగు కోసులు నడిచి పాలమూరు దవాఖానలో పడేసిన ఆడమనిషి ఈమే. బతుకుతాడో లేడో తెలియని వాడికి మూడు రాత్రులు చెంచాతో గంజినీళ్ళు పోసింది. ఆ తరువాత మిషను బడిలో చేర్పించిందీ ఆమే.

మైసయ్య ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఏమన్న తిన్నవా అవ్వా?"

"జవాను రొట్టె పెట్టిండు కొడుకా. ఆని పిల్లలు సల్లగుండాలె. నువ్వెందుకొచ్చినవ్ ఇంత దూరం? నౌకరీకి ఏమన్న అయితదేమో."

"కాసు నువ్వు తీసినవా?"

జానమ్మ కళ్ళు దించుకుంది. "నన్నేం అడగకు బిడ్డా. నేను తీయలే అంటె అవద్ధమైతది. తీసిన అంటె గూడ అవద్ధమే అయితది."

"విన్నరు గద," అని అమీను నవ్వాడు. "ఒప్పుకున్నట్టే."

"సగమే ఒప్పుకున్నది. మిగిలిన సగం ఎవరిదో చూడాలె," అని మైసయ్య లేచాడు.

వకీలు రామచంద్రయ్య పడక కుర్చీలో కూర్చుని ఉన్నాడు. రాత్రంతా నిద్ర లేనట్టు కళ్ళ కింద నల్లగా ఉంది. పాత నాణాల సరదా ఉన్నవాళ్ళలో ఆయన పేరు తెలియనివాళ్ళు ఈ రెండు జిల్లాల్లో లేరు. నాణెం చేతికిస్తే అంచులు మాత్రమే పట్టుకుని, వెలుతురుకు వాల్చి, ఇది ఫలానా రాజుది, ఇది పోతపోసిన నకిలీ అని చెప్పేస్తాడు. ఆయన ఊఁ అంటే కొంటారు, ఊహూఁ అంటే మానుకుంటారు.

"ఏం కాసు సాబ్ అది?" అడిగాడు మైసయ్య.

"రోము చక్రవర్తి బంగారు కాసు. నల్లగొండ దిక్కు చెలకలు దున్నుతుంటే దొరుకుతయ్. మస్తు కాసుల మీద ఆ చక్రవర్తి ముఖానికి అడ్డంగ కత్తిగాటు ఉంటది. ఆ కాలంల ఎవలో కావాలనే పెట్టిండ్రు. నా కాసుకు గాటు లేదు. అంచు అరగలే. ఇయ్యాల్నే టంకశాల నుంచి వచ్చినట్టుంటది." చెబుతుంటే ఆ అలసిన ముఖంలో కూడా ఒక వెలుగు వచ్చింది. "అసుంటిది నేను ఇంకోటి చూడలే."

"ఆఖరుసారి ఎప్పుడు చూసిండ్రు?"

"మంగళవారం సాయంత్రం. పట్టుసంచిల పెట్టి, నడింట్ల సందుగుల పెట్టి తాళమేసిన. నిన్న శుక్రవారం, కచేరి సెలవు. జాగీర్దారు పగటి రైలుకు వస్తనన్నడు. పదిన్నరకు సందుగు తీసిన. సంచి లేదు, కాసు లేదు."

"తాళం?"

"వేసింది వేసినట్టే ఉన్నది. చెవి నా భార్య నడుముకే ఉంటది."

అమీను ముందుకు వచ్చాడు. "నేను నిన్న పదకొండుకొచ్చిన. పావుగంటల ముసల్దాని మూటల పట్టుసంచి దొరికింది. వకీల్ సాబు మనుమనికి నీళ్ళు పోసుడు పేరు మీద రోజూ వస్తది గద. ఇంటి దొరసాని కునుకు తీసినప్పుడు చెవి గుంజుకున్నది, సందుగు తీసింది, మళ్ళ చెవి నడుముకు కట్టింది. అయిపాయె."

"సంచి ఎక్కడ దొరికింది? దారిలనా?"

"పెరట్ల. ఇంక ఇంటికి పోనే లేదు."

"మరి కాసు?"

"మింగిందో, గోడ మీదికెళ్ళి ఎవనికన్న ఇసిరిందో. నాలుగు తగిలిస్తే అదే చెప్తది."

"చెయ్యి పడితే ఆ సంగతి నేను హైదరాబాదుల చెప్త," అన్నాడు మైసయ్య, గొంతు పెంచకుండానే. తరువాత వకీలు వైపు తిరిగాడు. "సాబ్, ఒక్క మాట. జానమ్మ పిల్లవానికి ఎక్కడ నీళ్ళు పోస్తది?"

"పెరటి గదిల. పురుటిల్లు అదే."

"ఎటునుంచి వస్తది?"

"సందుల నుంచి. పెరటి దర్వాజకెళ్ళి."

"పెరటి గదికి, నడింటికి నడుమ గడప ఉన్నది గద. ఆ గడప జానమ్మ ఎన్నడన్న దాటిందా?"

"రామ రామ! ఎట్ల దాటనిస్తం?" వకీలు నోటినుంచి ఆ మాట దానంతట అది వచ్చేసింది. అన్నాక, ఎదుట ఉన్నవాడెవరో గుర్తొచ్చి ముఖం ఎర్రబడింది.

"నాకు తెలుసు సాబ్. నేను కూడ అరుగు మీదనే నిలబడ్డ," అని మైసయ్య అమీను వైపు చూశాడు. "సందుగు నడింట్ల ఉన్నది. నడింట్ల ఇంటి ఆడోళ్ళు ఉంటరు, వంటమనిషి ఉంటది, వచ్చేటోళ్ళు పోయేటోళ్ళు ఉంటరు. ఈ ఇంట్ల గడప దాటితే అందరూ మొత్తుకునే మనిషి, పట్టపగలు గడప దాటి, సందుగు తీసి, మళ్ళ తాళమేసి, ఎవరి కంట పడకుండ వచ్చింది. రాసుకోండ్రి అమీను సాబ్. మున్సిఫ్ సాబు కూడ ఇదే అడుగుతడు."

 "మరి సంచికి రెక్కలొచ్చి మూటలకు పోయిందా?" అన్నాడు రఘుపతిరావు.

"గడప దాటగలిగినోళ్ళు తెచ్చిండ్రు. ఎవరో చూసొస్త."

మైసయ్య సందులోనుంచి చుట్టూ తిరిగి పెరట్లోకి వెళ్ళాడు.

గదిలో ఇంకా సాంబ్రాణి వాసన పోలేదు. మంచం మీద వకీలు కూతురు లీలమ్మ, మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చిన పిల్ల. పక్కన ఉయ్యాలలో పదమూడు రోజుల పసివాడు నిద్రపోతున్నాడు. వకీలు భార్య నిర్మలమ్మ కొత్త మనిషిని చూసి కొంగు సర్దుకుంది. ఆమె నడుముకు తాళంచెవులు గలగలమన్నాయి.

మైసయ్య వాకిట్లోనే ఆగాడు. తలుపు పక్కన నీళ్ళుపోసే బండ, రాగి కాగు, ధూపం వేసే మట్టి కుంపటి. గోడ గూట్లో చిన్న సానరాయి, వసకొమ్ము, తేనె సీసా, వెండి ఉగ్గుగిన్నె. కుంపటిలో పిడకల బూడిద నిన్నటిదే. నిన్నటినుంచి ఆ ఇంట్లో ఎవరికీ ధూపం వేయాలనిపించలేదు కాబోలు.

"అమ్మా, ఆ సాన జర ఇట్ల ఇస్తరా?"

 నిర్మలమ్మ తెచ్చి గడప మీద పెట్టింది.

సానను తడిగుడ్డతో తుడిచినట్టు తెలుస్తూనే ఉంది. అయినా గరుకు రాతిలో దిగినది గుడ్డకు పోదు. మైసయ్య ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆరు నెలలు షరాబుల దగ్గర కూర్చుని గీతలు చూడడం నేర్చుకున్నాడు. మేలిమి బంగారం రాతి మీద పసుప్పచ్చగా దిగుతుంది. రాగి కలిస్తే ఎర్రబారుతుంది. ఇక్కడ వేలెడు పొడవున ఒక చార ఉంది. మొదట సన్నగా పసుపు. ఆ తరువాత పలక మీద బలపం రుద్దినట్టు బూడిద నలుపు.

"ఉగ్గుల ఏమేం అరగదీస్తరమ్మా?"

"వసకొమ్ము... తేనె. అంతే."

"బంగారం?"

"అ... నా ఉంగరం. అందరూ నాకిస్తరు గద, మాట మంచిగ వస్తదని."

"ఉంగరం ఒక్కసారి."

ఉంగరాన్ని సాన మూలన మెల్లగా గీశాడు. ఎర్రటి పసుపు గీత పడింది. ఎంత గీసినా నలుపు రాలేదు.

"ఇది ఉంగరం గీత. ఈ నల్లచార దేనిదమ్మా?"

నిర్మలమ్మ గోడకు జారగిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. మంచం మీదినుంచి లీలమ్మ లేచి కూర్చుంది.

"చెప్పమ్మా. నువ్వు చెప్పకుంటే నేను చెప్త. ఆ ముసలమ్మ చేతులకు తాడు కట్టిండ్రట. ఎవరి కోసం కట్టించుకున్నది?"

"నీ నాయిన నన్ను బతకనిస్తడా?"

"జానమ్మను బతకనిస్తరా?" అని లీలమ్మ మైసయ్య వైపు తిరిగింది. "అన్నా, బుధవారం మా అమ్మ నాయిన కాసు తీసుకొచ్చింది. ఉంగరంల రాగి ఉంటది, పసివానికి రాగి నాకిస్తమా, గిది పాత రాజుల సొక్కం బంగారం అన్నది."

"అంచు మీదనే రుద్దిన," అంది నిర్మలమ్మ ఏడుస్తూ. "ముఖం ముట్టుకోలే. ఆయన ఎవ్వరి బొటనవేలు గూడ తగలనియ్యడు. రెండు చుక్కలు, ఎవరికి తెలుస్తదనుకున్న."

"బుధవారం, గురువారం నాకించిండ్రు. అంతేనా?"

"అంతే. గురువారం సాయంత్రంకెళ్ళి పాలు కక్కుడు మొదలుపెట్టిండు. శుక్రవారం పొద్దుగాల నేను మళ్ళ అరగదీస్తుంటే జానమ్మ సాన చూసింది. గిన్నె గుంజుకుని తేనె పారబోసింది. నా మీదనే ఒర్రింది! బంగారం నల్లగ దిగుతదా అమ్మా, సింధూరం నాకి ఒక పిల్ల చచ్చిపోంగ దవాఖానల నేను చూసిన, అన్నది."

"ఆ తర్వాత?"

లీలమ్మ కుంపటి వైపు చూపించింది. "బంగారమైతే నిప్పుల మెరుస్తది, కాకుంటే తెలుస్తదని జానమ్మ కాసును అండ్లనే ఏసింది. మేం ముగ్గురం చూస్తుండంగనే మెత్తబడి కరిగిపోయింది. అప్పుడే నడింట్ల నాయిన అరుపు. అమ్మ గజగజ వణుకుతాంది. సంచి కింద పడి ఉంటే జానమ్మ తీసి తన మూటల పెట్టుకున్నది. నా మీద పడితే మిషను దవాఖాన డాక్టరు దొరసాని ఇడిపిస్తది, మీ మీద పడితే ఎవలు ఇడిపిస్తరు అన్నది. ఒట్టు పెట్టించుకున్నది, చెప్పొద్దని." లీలమ్మ ఉయ్యాల అంచు పట్టుకుంది. "నా కొడుకును కాపాడింది ఆమె. నేను మంచం మీద పండుకుని సప్పుడు చేయకుండ ఉన్న."

 మైసయ్య కుంపటి దగ్గర కూర్చుని బూడిదను పుల్లతో మెల్లగా తీశాడు. అడుగున చింతగింజ కంటే కాస్త పెద్దదైన బూడిదరంగు ముద్ద తగిలింది. దాని మీద అక్కడక్కడ సన్నని బంగారు పొర, చినిగిన తీరు, అతుక్కుని ఉంది. గోటితో గీస్తే ముద్ద మీద గీత పడింది. సింధూరంలో ఉండే విషమే. సీసం.

"పిల్లవాడు ఇప్పుడెట్లున్నడు?"

"నిన్న సాయంత్రంకెళ్ళి కక్కలే. పాలు తాగుతున్నడు."

"దవాఖాన దొరసానిని పిలిపియ్యుండ్రి, ఇప్పుడే. అంతా దాచకుండ చెప్పుండ్రి," అని మైసయ్య ముద్దను రుమాలులో చుట్టుకుని లేచాడు.

అరుగు మీదికి వచ్చేసరికి ఒంటిగంట దాటి పది నిమిషాలు. అమీను బండి కట్టించి సిద్ధంగా ఉన్నాడు.

"దొరికిందా?"

"దొరికింది. అయితే వకీల్ సాబుకు ఒక చెడ్డ మాట చెప్పాలె."

మైసయ్య వకీలుకు ఎదురుగా నిలబడ్డాడు. ఆయన కళ్ళమీదినుంచి చూపు తిప్పలేదు.

"మీ కాసు దొంగ ఎత్కపోలే సాబ్. మీ ఇంటోళ్ళే తీసిండ్రు. సాన మీద అరగదీసి, తేనెల కలిపి, బుధవారం, గురువారం మీ మనుమనికి నాకించిండ్రు."

వేలి ముద్ర పడితేనే విలవిలలాడే మనిషి. ఆ కాసు అంచును రాతి మీద రుద్దారంటే గుండెలు బాదుకుంటాడని అమీను కూడా అనుకుని ఉంటాడు.

వకీలు కుర్చీలోనుంచి ఒక్క ఉదుటున లేచాడు. కళ్ళజోడు జారి కింద పడింది.

"నాకించిండ్రా? లోపలికి పోయిందా? ఎంత? ఎన్నిసార్లు? అయ్యో, వాంతులు అందుకేనా!"

అమీను పెద్దగా నవ్వాడు. "దానికెందుకంత ఫికర్ వకీల్ సాబ్? సొక్కం బంగారం. పిల్లగానికి బలమే."

ఆ నవ్వు అరుగంతా తిరిగి, ఎవరూ అందుకోకపోయేసరికి ఆగిపోయింది.

"అమీను సాబు అడిగిందే నేనూ అడుగుత," అన్నాడు మైసయ్య. "కాసు అరిగినందుకు ఏడవలే మీరు. మనుమడు మింగిండా అని అడిగిండ్రు. అది బంగారం కాదని ఈ ఇంట్ల మీకొక్కరికే తెలుసు." రుమాలు విప్పి సీసపు ముద్దను ఆయన ముందు పెట్టాడు.

రామచంద్రయ్య కళ్ళజోడు వెతికి పెట్టుకుని ముద్దను చూశాడు. 

"అసలు కాసు లోపలున్నది," అన్నాడు. "అమ్మబుద్ధి కాలే. జాగీర్దారు మంచి బేరం చెప్పిండు. బేరం పోనియ్య బుద్ధి కాలే, కాసు ఇయ్య బుద్ధి కాలే. మట్టి అచ్చు తీసి నేనే పోసిన, నేనే పూత పెట్టిన. తూకం ఏసి చూస్తే తెలిసిపోతది. గని ఎవరూ ఏయరు. నేను చెప్తే చాలు వాళ్ళకు."

"లోపలి పిల్లగాడు..." అమీను ఇంటి లోపలి వైపు తిరిగాడు.

"పిల్లగాడు మంచిగున్నడు దొరా," అంది జానమ్మ స్తంభం దగ్గరినుంచి. "పొద్దుగాల జవానును పంపి అడిగించిన. పాలు నిలబడ్డయట. రెండు దినాలే గద, ఎక్కువ పోలే. తల్లి పాలే మందు."

 రఘుపతిరావు వెళ్ళి ఆమె ముందు కూర్చుని తన చేత్తోనే తాడు ముడి విప్పాడు. ముడి గట్టిగా పడింది, ఒక పట్టాన రాలేదు. "తప్పయింది," అన్నాడు నేల చూస్తూ. ఆ మాట ఆయన నోట వినడం జవానుకు కూడా కొత్తే.

"మీ నౌకరీ మీరు చేసిండ్రు బాంచెను. కొట్టలే, అదే పదివేలు."

మైసయ్య ఆమె మణికట్ల మీది ఎర్రటి గాట్లు చూశాడు. ఆరేళ్ళప్పుడు తన తల కింద పెట్టి పడుకోబెట్టిన చెయ్యి అది. పట్టుకుని కళ్ళకద్దుకోవాలనిపించింది. అందరి ముందూ అద్దుకున్నాడు కూడా. అయినా చేయవలసిన పని ఇంకా మిగిలి ఉందని లోపల ఏదో తొలుస్తూనే ఉంది. మట్టి అచ్చు తీసినవాడు ఒక్కసారే పోస్తాడా?

"సాబ్, ఎన్ని పోసిండ్రు?"

వకీలు కళ్ళజోడు తీసి తుడవసాగాడు.

"ఎన్ని?"

"రెండు."

"రెండోది?"

"పోచంపల్లిల. చీరల బాలయ్య అని నాకు దోస్తు. ఆయనకూ ఈ సరదా ఉన్నది. దేవుని లెక్క చూస్తడు నన్ను." వకీలు గోడనున్న కోటు జేబులో తడిమి ఒక ఉత్తరం తీశాడు. ఇవ్వడానికి చెయ్యి రాలేదు. మైసయ్యే తీసుకుని చదివాడు.

"మీరిచ్చిన కాసును పెట్టెలో పెట్టబుద్ధి కాలేదు. మా మనుమరాలి మెడల తాడుకు కట్టించిన. తొమ్మిదో నెల. పండ్లు వస్తున్నయి. కాసును వదలదు, ఎప్పుడు చూసినా నోట్లెనే. మీ దయ వల్ల మా పాప నోట్లె రాజుల బంగారం ఆడుతున్నది."

పైన సర్కారు ఫసలీ తారీఖు, ఖుర్దాద్ నెల నాలుగు. ఇవాళ ముప్పై. ఇరవై ఆరు రోజులు.

జానమ్మకు చదివి వినిపించక తప్పలేదు. విని ఆమె గుండె మీద చెయ్యి వేసుకుంది. "పండ్లొచ్చే పిల్ల కొరుకుతది బిడ్డా. నాకుడు కాదు, కొరుకుడు."

"తార్, గదే తంతి, ఇస్తే భువనగిరికి గంటల చేరుతది," అన్నాడు అమీను. "అక్కడినుంచి పోచంపల్లికి సైకిల్ మీద మనిషిని పంపమని నేను చెప్పిస్త. రాయుండ్రి."

మైసయ్య కాగితం తీసి రాయబోయాడు. వకీలు చెయ్యి అడ్డం పెట్టాడు.

"మీరు రాస్తే బాలయ్య నమ్మడు. పోలీసోళ్ళు ఎవరో పరాచికమాడుతున్నరనుకుంటడు. నేను బంగారం అన్న. నేనే కాదనాలె."

కలం తీసుకుని ఉర్దూలో రాశాడు. కాసు నకిలీ. లోపల సీసం. పాప నోట్లోంచి, ఒంటిమీదినుంచి వెంటనే తీసి దవాఖానకు తీసుకుపో. పోసింది నేనే. ముప్పై ఏళ్ళు కచేరీల్లో కాగితాలు చదివిన మనిషి. ఆ ఆఖరి మాట ఏ దఫా కిందికి వస్తుందో, ఎన్నేళ్ళు పడుతుందో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. కలం సంతకం దగ్గర ఒక్క క్షణం ఆగింది. లోపల పసివాడు ఏడిచాడు. పాలకు ఏడ్చే మామూలు ఏడుపే.

రామచంద్రయ్య పూర్తి పేరు, తండ్రి పేరు, ఊరు పేరు రాసి సంతకం పెట్టాడు. తడి ఆరకముందే అమీను కాగితం అందుకుని మెట్లు దిగాడు.

"ఆగుండ్రి దొరా," అని జానమ్మ కేక వేసింది. "ఇంకో మాట గూడ రాయమనుండ్రి. పాపను చూసేతందుకు నేను తొవ్వల ఉన్న, వస్తున్న అని."